వెనక్కి పంపిన అంబులెన్స్

మార్కాపురంలో పలకల దుకాణం పైనున్న ఆ గదికి వచ్చేవాళ్ళు మెట్ల దగ్గర ఒకసారి ఆగి, ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి తిరిగి చూసుకోవడం మామూలే. ఆ సోమవారం ఉదయం వచ్చిన అమ్మాయి ఆగలేదు. మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కేసి, గుమ్మంలో నిలబడి ఆయాసపడుతూ, "పోలీసోళ్ళు వదిలేసిన నిజాన్ని మీరు వెతికి పెడతారంట గదా సార్," అంది.

డిటెక్టివ్ కరుణాకరం కళ్ళద్దాలు సర్దుకుని ఆమెవైపు చూశాడు. ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు. పాతికేళ్ళపాటు బీమా కంపెనీలకు వాహన ప్రమాదాల దర్యాప్తు చేసి, ఆ తర్వాత సొంతంగా ఈ గది తెరిచాడు. బీమా పనులు ఇప్పటికీ అప్పుడప్పుడు చేస్తుంటాడు. ఆరేళ్ళుగా ఆయన దగ్గర సహాయకురాలిగా ఉన్న యశోద కుర్చీ జరిపి అమ్మాయిని కూర్చోబెట్టింది. టైరు అచ్చు చూసి బండి మీద ఎంతమంది కూర్చున్నారో చెప్పగల మనిషి ఆయన. ఆయన కంట పడకుండా ఏదీ తప్పించుకోలేదని యశోదకు గట్టి నమ్మకం.

"నా పేరు మల్లి. చంద్రశేఖరపురం దగ్గర రేగులపల్లె. పోయిన నెల హైవే మీద లారీ తగిలి చనిపోయిన గొర్రెల నాగులు మా నాయన." ఆమె సంచిలోంచి ఒక జిరాక్స్ కాగితం తీసి బల్ల మీద పెట్టింది. "ఇది టోల్‌గేటు కంపెనీ పోలీసులకిచ్చిన కాయితం. చూడండి సార్."

కరుణాకరం పైకి చదివాడు. 'అంబులెన్స్ సకాలంలో వచ్చినప్పటికీ, గాయపడిన వ్యక్తి కుటుంబ సభ్యులమైన మేము ఆ సేవ వద్దని, మా సొంత ఏర్పాటు చేసుకుంటామని ఇష్టపూర్వకంగా తెలియజేస్తున్నాము.' కింద మల్లి అని సంతకం.

"సంతకం నాదే సార్. నేను మాత్రం పెట్టలా."

"ఎవరో నీ సంతకం దొంగతనంగా పెట్టినారంటావా?"

"కాదు సార్. అచ్చంగా నాదే. పేరు కింద అట్ల గీత లాగడం నాకు పదో తరగతి నుంచి అలవాటు. మా అమ్మ కూడా గుర్తుపట్టింది. కానీ ఆ పొద్దు నా చేతుల్లో మా నాయన తలకాయ ఉంది. కలం లేదు."

యశోద ఆమెకు మంచినీళ్ళ గ్లాసు అందించింది. మల్లి తాగలేదు, రెండు చేతులతో పట్టుకుని జరిగింది చెప్పింది.

ఉదయం పది దాటింది. గొర్రెపిల్ల ఒకటి కంచె సందులోంచి హైవే ఎక్కితే, దాన్ని పట్టడానికి నాగులు పైకి వెళ్ళాడు. లారీ పక్కనుంచి కొట్టింది. లారీ డ్రైవరు పారిపోలేదు. తనే ఆపి, రోడ్డు పక్క బోర్డు మీదున్న నంబరు చూసి టోల్‌గేటుకు ఫోన్ చేశాడు.

"108కి చెయ్యలేదా?" యశోద అడిగింది.

"చేద్దామని ఫోన్ తీసినా అక్కా. అప్పటికే మా మహేంద్ర బావ వచ్చినాడు. మా మేనత్త కొడుకు. ఆ కంపెనీలోనే రోడ్డు మీద బైకేసుకోని కాపలా తిరిగే పని. మా అంబులెన్స్ బయల్దేరింది, పది నిమిషాల్లో వస్తది, మామని కదిలించొద్దు అన్నాడు. సరేనని కూర్చున్నాం. ముప్పావు గంటైనా రాలా. ఆఖరికి ఆటోలో ఏసుకోని పామూరు పోతాంటే దారిలోనే పోయినాడు."

"ఊళ్ళో ఏమంటన్నారు?" కరుణాకరం అడిగాడు.

మల్లి తల వంచుకుంది. "నేను టోల్‌గేట్లో పనికి అర్జీ పెట్టుకున్నా సార్, ఈ చావు కన్నా ముందు. ఉద్యోగం కోసం కంపెనీ చెప్పినట్టు సంతకం పెట్టింది, నాయన్ని రోడ్డు మీద వదిలేసింది అంటన్నారు. బోరింగు కాడికి పోతే ఆడోళ్ళు బిందెలు పక్కకి జరుపుకుంటన్నారు. మా అమ్మ అడగదు, కానీ రాత్రుళ్ళు నా పక్కన పండుకోవడం మానేసింది."

"నీకేం కావాలి తల్లీ?"

"నేను వద్దన్లేదని మా ఊరోళ్ళ ముందర చెప్పాల. అంతే సార్."

కరుణాకరం కాగితాన్ని కిటికీ వెలుగులో పట్టుకున్నాడు. "యశోదా, చూడు. మొదటి వరుసలు విశాలంగా ఉన్నాయి. చివరి మూడు వరుసలు ఎట్ల ఇరుక్కున్నాయో." తర్వాత మల్లివైపు తిరిగాడు. "ఈ యాడాదిలో ఎక్కడెక్కడ సంతకాలు పెట్టినావు?"

"రేషన్ కార్డుకి సచివాలయంలో. బ్యాంకులో ఒకసారి. టోల్‌గేట్ అర్జీకి నాలుగు చోట్ల. మహేంద్ర బావే కాయితాలు తెచ్చి, ఆఫీసులో ఇచ్చినాడు."

కాగితంతోపాటు పోలీసులకు కంపెనీ ఇచ్చిన నివేదిక నకలు కూడా ఉంది. ఫోన్ వచ్చింది 10.22కి. అంబులెన్స్ కదిలింది 10.24కి. చేరింది 10.34కి. అంబులెన్స్‌లో అమర్చే జీపీఎస్ పెట్టె నమోదు చేసిన దారి పటం దానికి జత చేశారు.

మర్నాడు ఉదయం పాత కారులో ఇద్దరూ రేగులపల్లె వెళ్ళారు. ఆ నాలుగు వరసల రోడ్డు వేసింది ప్రభుత్వమే. మూడేళ్ళ కిందట దాని నిర్వహణను, టోలు వసూలును పాతికేళ్ళకు ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించింది. గుంత పడితే పూడ్చడం, దీపం ఆరితే వెలిగించడం, దెబ్బ తగిలిన మనిషిని ఆసుపత్రికి చేర్చడం అన్నీ ఇప్పుడు ఆ కంపెనీ బాధ్యత. ప్రభుత్వం తరఫున ఒక ఇంజనీరు నెలనెలా తనిఖీ చేసి సంతకం పెడతాడు.

మల్లి కబురు పెట్టడంతో, ప్రమాదం జరిగిన చోట మహేంద్ర వాళ్ళకోసం ఎదురుచూస్తున్నాడు. పాతికేళ్ళ యువకుడు, కంపెనీ నారింజరంగు చొక్కా వేసుకున్నాడు. కారు దిగగానే నీళ్ళ సీసా ఇచ్చాడు.

"మీ మామ ఎక్కడ పడినాడు?"

"అవతలి పక్క సార్. పామూరు పోయే పక్క. అదో, ఆ రాయి కాడ." చెప్తూ అతను ఆ రాయివైపు చూడలేదు.

"అంబులెన్స్ వచ్చిందా?"

"రాలా సార్. కంపెనీలో పనిచేస్తా ఈ మాట చెప్తన్నా. నా కళ్ళతో చూళ్ళేదు."

యశోదకు అతని మీద గౌరవం కలిగింది. ఉద్యోగం పోతుందని తెలిసీ నిజం చెబుతున్నాడనుకుంది.

కరుణాకరం పటం తీసి రోడ్డుతో పోల్చి చూశాడు. టోల్‌గేటు నుంచి వచ్చే బండి ఇటు పక్కనే రావాలి. అవతలి పక్కకు తిరగాలంటే మధ్య గోడకు సందు ఇంకా ఆరు కిలోమీటర్ల అవతల ఉంది. పటంలో గీత అంత దూరం పోలేదు. ఊరి దగ్గర పక్క దారిలోకి దిగి, హైవేను అడ్డంగా దాటి, అవతల తేలింది.

"ఇక్కడ రోడ్డు కింద దారేమన్నా ఉందా?"

"గొర్ల తూము ఉంది సార్," అన్నాడు మహేంద్ర. పశువులు దాటడానికి వదిలిన దారి అది. యశోద టేపు పట్టుకుని లోపలికి దిగింది. వానలకు ఇసుక మేటవేసి, ఆమె చెయ్యెత్తితే పైకప్పు తగిలింది.

"అయిదడుగుల పది అంగుళాలు సార్," అని లోపల్నుంచి చెప్పింది.

కరుణాకరం రాసుకున్నాడు.

టోల్‌గేటు ఆఫీసులో మేనేజరు హరికృష్ణ మర్యాదగా టీ తెప్పించాడు. నలభై ఏళ్ళవాడు, ఇస్త్రీ చొక్కా, తడబడని గొంతు.

"పాపం, కుటుంబం బాధలో ఉంది. అందుకే మేం పెద్దగా పట్టించుకోలేదండీ. కానీ రికార్డు రికార్డే. ఆలస్యమైతే కాంట్రాక్టు ప్రకారం మామీద చర్య ఉంటుంది. మాకు ఆలస్యం లేదు."

అసలు కాగితం చూపించమంటే బీరువాలోంచి తీశాడు. పైన రాత నీలం ఇంకు. సంతకం నలుపు. ఎడమ మూల ఒక్క పిన్ను ఉంది కానీ, పిన్ను రంధ్రాలు రెండు జతలు.

"ఇది రాసిందెవరు?"

"నేనే రాసి పంపాను. సంతకం మా సిబ్బంది తెచ్చారు."

"సిబ్బందిలో ఎవరు?"

"అంబులెన్స్ డ్రైవర్ విక్టర్," అన్నాడు హరికృష్ణ, కాస్త ఆలస్యంగా.

విక్టర్ బయట చెట్టు నీడలో నిలబడి ఉన్నాడు. కరుణాకరానికి అతని కుటుంబం తెలుసు. ఇద్దరి ఇళ్ళవాళ్ళూ ఒకే చర్చికి వెళతారు.

"ఏం విక్టర్, నువ్వు పోయినప్పుడు నాగులు ఎట్ల ఉన్నాడు?"

"పడి ఉన్నాడు సార్. వాళ్ళు వద్దన్నారు. వచ్చేసినా." పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

"ఏ పక్క పడి ఉన్నాడు?"

"మనం పోయే పక్కే సార్. ఎడమ పక్క." కరుణాకరం ఆ మాట రాసుకునేసరికి విక్టర్ గొంతు తగ్గింది. "నాకు ఇద్దరు ఆడపిల్లలు సార్. ఇంకేం అడగొద్దు."

సాయంత్రం ప్రభుత్వ ఇంజనీరు గోవర్ధన్‌ను మార్కాపురంలో ఆయన ఇంట్లో కలిశారు. పదవీ విరమణకు ఏడాది ఉన్న మనిషి.

"రోడ్డు మాదే, నడిపేది వాళ్ళు," అన్నాడు ఆయన. "తప్పు కనపడితే మేం ఉత్తరం రాస్తాం. వాళ్ళు జవాబు రాస్తారు. మా చేతిలో ఉన్నప్పుడు మాత్రం ఏం ఒరిగిందిలెండి. అప్పుడు గుంతలు తప్ప అంబులెన్సే లేదు. ఇప్పుడు రెండు టోల్‌గేట్లకీ రెండు ఉన్నాయి."

"రెండూ చూసినారా?"

"ఎందుకు చూడను? ఆ ప్రమాదం జరిగిన రోజు పదిన్నరకి నేను రెండో టోల్‌గేటు దగ్గరే ఉన్నాను, తనిఖీలో. రేగులపల్లె దగ్గరున్న మొదటిదానికి యాభై కిలోమీటర్ల దూరం. అక్కడి అంబులెన్స్ చూశాను. ఇదిగో ఫోటో." ఫోను చూపించాడు. నంబరు ప్లేటు చివర 41. ఎడమ తలుపు మీద సొట్ట, పైన నీలం దీపానికి అడ్డంగా పగులు.

"మొదటి టోల్‌గేటు బండి ఫోటో?"

"అది పోయిన నెల మరో రోజు తీసింది." ప్లేటు చివర 38. యశోద రెండు ఫోటోలనూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. సొట్ట అక్కడే ఉంది. పగులు అక్కడే ఉంది. ఆమె తలెత్తేసరికి గోవర్ధన్ కిటికీ బయటికి చూస్తున్నాడు.

ఆఫీసుకు తిరిగొచ్చాక యశోద ఉత్సాహంగా ఉంది. ఇంత త్వరగా ముడి విడిపోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. కరుణాకరం మాత్రం గది మూలనున్న పాత బీరువా తెరిచి, రెండేళ్ళ కిందటి ఫైలు ఒకటి తీసి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఆమె పెట్టిన టీ మీద మీగడ కట్టింది. ఆయన ఆ ఫైలును బీరువాలో తిరిగి పెట్టలేదు, తన సంచిలో వేసుకున్నాడు.

"రేపు మధ్యాహ్నం రేగులపల్లె సచివాలయానికి అందర్నీ పిలువు," అన్నాడు. "సర్పంచ్ శ్యామలమ్మ గారికి చెప్పు. ఊరోళ్ళు కూడా ఉండాల."

"ఎవరో తెలిసిందా సార్?"

"తెలిసింది," అన్నాడాయన ఆమెవైపు చూడకుండా.

మర్నాడు మూడు గంటలకు సచివాలయం గది నిండిపోయింది. ముందు వరుసలో సర్పంచ్ శ్యామలమ్మ, పక్కన గోవర్ధన్, హరికృష్ణ. విక్టర్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మల్లి, ఆమె తల్లి లక్ష్మీనరసమ్మ చాప మీద కూర్చున్నారు, ఇద్దరి మధ్యా జానెడు ఎడం. కిటికీల్లో ఊరివాళ్ళ తలలు. మహేంద్ర అందరికీ నీళ్ళు అందిస్తున్నాడు.

కరుణాకరం లేచాడు.

"నాగులు కోసం అంబులెన్స్ వచ్చిందని కంపెనీ చెప్తా ఉంది. దాని జీపీఎస్ పెట్టె నిజంగానే 10.34కి నాగులు పక్కకి చేరింది. కానీ అది వచ్చిన దారి మీ గొర్ల తూము. అక్కడ ఎత్తు ఆరడుగులు కూడా లేదు. అంబులెన్స్ దీపంతో కలిపి ఎనిమిది అడుగులు. పెట్టె వచ్చింది, బండి రాలేదు. ఆ తూములో పట్టే బండి ఒకటే, బైకు."

కిటికీల దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. శ్యామలమ్మ చెయ్యెత్తింది.

"మరి అంబులెన్స్ ఏడుంది?" అని ఆమే అడిగింది.

"యాభై కిలోమీటర్ల అవతల రెండో టోల్‌గేటులో, ప్లేటు మార్చుకుని తనిఖీకి నిలబడి ఉంది. గోవర్ధన్ గారు అదే పదిన్నరకి దాన్ని ఫోటో తీసినారు. రెండు టోల్‌గేట్లకీ ఉన్నది ఒక్కటే అంబులెన్స్. ఒకే సొట్ట, ఒకే పగులు, రెండు నంబర్లు. అవునా విక్టర్?"

విక్టర్ కన్నీళ్ళు తుడుచుకుని తలూపాడు. "ఆ రోజు నేను ఆడనే ఉండినా సార్. నాగులు మామని నేను చూడనే లేదు."

"ఇదంతా ఊహ," అన్నాడు హరికృష్ణ. "అమ్మాయి సంతకం ఉంది."

"ఉంది. ఖాళీ కాయితం మీద ఈ చావు కన్నా ముందే పెట్టిన సంతకం. ఉద్యోగం అర్జీతోపాటు ఇంకో కాయితం కూడా సంతకం చేయించుకోని దాచుకున్నారు. అందుకే దానికి పాత పిన్ను రంధ్రాలున్నాయి. అందుకే మీ రాత సంతకం దగ్గరికొచ్చేసరికి చోటు చాలక ఇరుక్కుంది. మల్లి ఆ పొద్దు ఏ కాయితమూ చూడలేదు. అంబులెన్స్ వద్దనలేదు. ఈ మాట ఊరంతా వినాల."

లక్ష్మీనరసమ్మ చెయ్యి చాప మీద పాకి, కూతురి మోకాలి మీద ఆగింది.

"ఆ అర్జీ కాయితాలు ఎవరి చేతి మీదుగా పోయినాయో, ఆ పొద్దు బైకు మీద అందరికన్నా ముందు ఎవరు వచ్చినారో, మల్లి నాకు మొదటి రోజే చెప్పింది. చెప్తన్నానని ఆ బిడ్డకి తెలియదు." కరుణాకరం నెమ్మదిగా తిరిగాడు. "నాయనా మహేంద్రా, ఆ గ్లాసులు కింద పెట్టు."

మహేంద్ర పెట్టలేదు. పళ్ళెం పట్టుకునే నిలబడ్డాడు. శ్యామలమ్మ లేచి పళ్ళెం తీసుకుంది.

"బండి లేనప్పుడల్లా పెట్టె తీసుకోని పది నిమిషాల్లో చేరమని హరికృష్ణ సార్ చెప్తాడు," అన్నాడు మహేంద్ర. "చిన్న చిన్న దెబ్బలకి శానాసార్లు పోయినా. ఆ పొద్దు ఎవరో ముసలాయన అన్నారు. మామ అని తెలీదు. చూసినాక వెంటనే ఫోన్ చేసినా. బండి బయల్దేర్దీసినా, ఆడనే ఉండమన్నాడు. నమ్మినా. అరగంటకి నాకు తెలిసిపోయింది రాదని. అప్పుడు 108కి చేస్తే, ముందే ఎందుకు చెయ్యలేదని అడుగుతారని భయపడి చెయ్యలా. సాయంత్రం సార్ పిలిచి, పెట్టె నీ సంచిలో దొరికితే జైలుకి పొయ్యేది నువ్వే అన్నాడు. అర్జీలో మిగిలిన కాయితం నేనే ఇచ్చినా."

హరికృష్ణ లేవబోయాడు. తలుపు దగ్గరున్న ఊరివాళ్ళు పక్కకు జరగలేదు. అతను మళ్ళీ కూర్చున్నాడు. గోవర్ధన్ తన చేతులు తనే చూసుకుంటూ, "సొట్ట నేను చూశాను," అన్నాడు. "రాస్తే జవాబులు, మళ్ళీ ఉత్తరాలు. ఏడాదిలో దిగిపోతాను గదా అనుకున్నాను."

యశోద అక్కడితో అయిపోయిందనుకుంది. కానీ కరుణాకరం సంచిలోంచి ఆ పాత ఫైలు తీసి శ్యామలమ్మ ముందు పెట్టాడు.

"రెండేళ్ళ కిందట ఈ కంపెనీ బండ్లకి బీమా ఇచ్చే ముందు, అన్నీ ఉన్నాయో లేదో కళ్ళతో చూసి రమ్మని బీమావాళ్ళు నన్ను పంపినారు. మొదటి టోల్‌గేట్లో అంబులెన్స్ చూసి ఫోటో తీసినా. రెండో దాని ఫోటో ఫోన్లో పంపుతామన్నారు. ఎండగా ఉంది. యాభై కిలోమీటర్లు. సరే పంపండి అన్నా. రెండూ స్వయంగా చూసినట్టు రాసి సంతకం పెట్టినా. సొట్ట రెండు ఫోటోల్లోనూ ఉంది. నిన్న చూసినా. ఆ పొద్దే చూసుంటే ఈ రోడ్డు మీద ఇంకో బండి ఉండేది."

యశోద ఆయన ముఖం చూడలేకపోయింది. ఆరేళ్ళుగా ఎదుటివాళ్ళ కళ్ళలోకి సూటిగా చూసి ప్రశ్నలడిగిన మనిషి, ఇప్పుడు ఒక గొర్రెలకాపరి భార్య కాళ్ళవైపు చూస్తూ నిలబడ్డాడు.

లక్ష్మీనరసమ్మ మహేంద్రను పిలిచింది. అతను వచ్చి ఆమె ముందు కూలబడ్డాడు. కొడతుందని అందరూ అనుకున్నారు.

"నేను ఊళ్ళో నుంచి వచ్చేసరికి మీ మామకి మాట పడిపోయింది," అంది. "అంతకు ముందు ఏమన్నా అన్నాడారా?"

"బండి దగ్గరికొచ్చిందా అని అడిగినాడు అత్తా. మూడుసార్లు అడిగినాడు."

"నువ్వేమన్నావు?"

"వచ్చింది మామా అన్నా."

ఆమె కూతురి భుజం పట్టుకుని లేచింది. దారిలో ఉన్న ఆడవాళ్ళలో ఒకామె మల్లి చెయ్యి పట్టుకోబోయింది. మల్లి చెయ్యి వెనక్కి తీసుకోలేదు, ఇవ్వనూ లేదు. తల్లీకూతుళ్ళు ఎండలోకి నడిచిపోయారు.

సాయంత్రం చంద్రశేఖరపురం పోలీస్ స్టేషన్లో కరుణాకరాన్ని చూసి ఎస్సై లేచి కుర్చీ వేయించాడు. పాత పరిచయం. కరుణాకరం కూర్చోలేదు. నిలబడే జరిగిందంతా చెప్పాడు. రైటరు హరికృష్ణ, మహేంద్ర, గోవర్ధన్ పేర్లు వరుసగా రాసుకుని, విక్టర్‌ను సాక్షిగా చేర్చి, కింద గీత కొట్టబోయాడు.

"ఆగండి. ఇంకో పేరుంది," అన్నాడు కరుణాకరం. ఇంటిపేరుతో సహా తన పేరు చెప్పాడు. తండ్రి పేరు చెప్పాడు.

"వయసు?" రైటరు తలెత్తకుండా అడిగాడు.

కరుణాకరం కళ్ళద్దాలు తీసి తుడుచుకోసాగాడు. వెనక నిలబడిన యశోద ముందుకొచ్చి ఆయన పక్కన నిలబడింది.

"యాభై ఎనిమిది," అని చెప్పింది. "రాసుకోండి."